ఏది తక్కువైతే అదే మన కూలి

పుంగనూరులో చింతపండు పని చేసే ఒకామె నన్నొక ప్రశ్న అడిగింది. “అక్కా, మండీకి పోయి చేస్తే దినానికి ఇంతని ఇస్తారు. ఇంటికి తెచ్చుకుని చేస్తే కేజీకి ఇంతని ఇస్తారు. ఏది మేలు?”

“నువ్వు దినానికి ఎన్ని కేజీలు తీస్తావో దాన్ని బట్టి ఉంటుంది” అన్నాను. ఆమె నవ్వింది. “అది నా చేతిలో ఉందా అక్కా? కాయ బాగుంటే ఎక్కువొస్తాది. నాసి కాయైతే పొద్దంతా కూర్చున్నా రాదు. ఏ కాయ ఇచ్చేదీ వాళ్లే కదా” అంది.

నేను చెప్పింది లెక్కల పుస్తకంలోని జవాబు. ఆమె చెప్పింది ఆ పుస్తకంలో లేని జవాబు. ఈ రెంటినీ కలిపి చూడకుండా మన సంఘాలు కూలి రేట్ల గురించి మాట్లాడితే ఆ మాట సగమే అవుతుంది.

రోజూ మన ముందుకు రెండు దారులు వస్తుంటాయి. దినకూలా, గుత్తా? ఊళ్లో పనా, రైలెక్కి పోయే పనా? ఇలాంటి రెండింటిని పోల్చడానికి గణితంలో ఒక పద్ధతి ఉంది. మామూలు సమీకరణంలో రెండు వైపులా ఉన్నవి సమానమంటాం. ఇక్కడ ఒకటి రెండోదానికంటే ఎక్కువ, లేదా తక్కువ అంటాం. ఈ గుర్తులు 1631లో అచ్చయిన థామస్ హారియట్ పుస్తకంలో మొదట కనిపించాయి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఏకఘాత అసమీకరణం అంటారు, అసమానత అని కూడా అంటారు. అసమానత అనే మాట మన పత్రికల్లో ఎన్నో ఏళ్లుగా నలుగుతున్నదే. లెక్కల్లోని అసమానతకీ బతుకులోని అసమానతకీ ఉన్న సంబంధాన్ని మాత్రం మనం పెద్దగా పట్టించుకోలేదు.

మదనపల్లె: దినకూలా, గుత్తా?

మదనపల్లె టమాటా మార్కెట్ పేరు దేశమంతటికీ తెలుసు. 2023 జూలైలో ఇక్కడ కిలో టమాటా నూరు రూపాయలు దాటినప్పుడు పత్రికలన్నీ రాశాయి. ఆ టమాటాను వంగి కోసి, ఏరి, గంపల్లోకి, బాక్సుల్లోకి ఎత్తే ఆడవాళ్ల కూలి గురించి రాసినవి తక్కువ. మార్కెట్‌లో ధర ఎగిరినంత మాత్రాన బాక్సు కోతకిచ్చే రేటు దానంతటది పెరగదు. ధర ఒక దారిలో నడుస్తుంది, కూలి మరో దారిలో.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇందులోని అంకెలు అర్థం కావడం కోసం నేను అనుకున్నవే. మీ ఊరి అంకెలు పెట్టుకుని మీరే మళ్లీ వేసుకోండి. దినకూలి 400 రూపాయలు. గుత్తకైతే బాక్సుకు 16 రూపాయలు. గుత్త ఎప్పుడు మేలు?

16 × బాక్సులు > 400 అయినప్పుడు.

400ను 16తో భాగిస్తే 25 వస్తుంది. రోజుకు 25 బాక్సులకంటే ఎక్కువ కోయగలిగితే గుత్త మేలు, తక్కువైతే దినకూలి మేలు. 25 దగ్గర రెండూ ఒకటే. ఇక్కడిదాకా పదో తరగతి పిల్ల చేయగలిగిన లెక్క.

అయితే తోట ఎప్పుడూ ఒకేలా కాయదు. కాపు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక మనిషి 30 బాక్సులు కోస్తుందనుకుందాం. చివరి కోతల్లో చెట్టుకు అక్కడో కాయ ఇక్కడో కాయ ఉంటుంది, సాలంతా తిరిగినా 18 బాక్సులు దాటవు. ముమ్మరంగా ఉన్నప్పుడు గుత్తకు చేస్తే ఆమెకు 480 రావాలి. చివరి కోతల్లో దినకూలికి చేస్తే 400 రావాలి. జరిగేది ఏమిటి? ఏ రోజు ఏ పద్ధతిలో కూలి ఇవ్వాలో తేల్చేది తోట యజమాని, లేదా అతని తరఫున కూలీలను తెచ్చే మేస్త్రీ. అతనికీ ఈ లెక్క తెలుసు, కాగితం మీద వేయకపోయినా అనుభవంతో తెలుసు. ముమ్మరంగా ఉన్నప్పుడు “ఈ దినం దినకూలి” అంటాడు. కాపు పలచబడ్డాక “గుత్తకు చేయండమ్మా, మీ ఇష్టమొచ్చినప్పుడు పోవచ్చు” అంటాడు.

ఐదు రోజులు కాపు ముమ్మరంగా, ఐదు రోజులు పలచగా ఉన్నాయనుకోండి. పది రోజులూ దినకూలి అయితే ఆమెకు 4,000. పది రోజులూ గుత్త అయితే ఐదు రోజులు 480, ఐదు రోజులు 288, మొత్తం 3,840. ఎంపిక యజమానిదైతే ఐదు రోజులు 400, ఐదు రోజులు 288, మొత్తం 3,440. రెండు పద్ధతుల్లో ఏదో ఒకదానికి కట్టుబడి ఉంటే వచ్చేదానికంటే ఇది తక్కువ. రేటు తగ్గించలేదు. తూకంలో మోసమూ లేదు. రోజు రోజుకూ పద్ధతి మార్చే హక్కు ఒకరి చేతిలోనే ఉంది, అంతే. దాంతోనే పది రోజుల్లో నాలుగైదు వందలు జారిపోయాయి.

ఈ విషయాన్ని ఒక్క మాటలో చెప్పుకోవచ్చు. ఎంపిక యజమాని చేతిలో ఉన్నంతకాలం రెండింటిలో ఏది తక్కువైతే అదే మన కూలి.

చట్టమూ ఒక అసమీకరణమే

మరి చట్టం ఏమంటుంది? 1948 నాటి కనీస వేతనాల చట్టంలో 17వ సెక్షన్ ఈ విషయం మీదే ఉంది. ఒక పనికి రోజు లెక్కన కనీస వేతనం నిర్ణయించి, ముక్క లెక్కన కనీస రేటు నిర్ణయించకపోతే, గుత్తకు చేసే మనిషికి కూడా ఆ రోజు వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని ఆ సెక్షన్ చెప్పింది. వ్యవసాయం ఆ చట్టం షెడ్యూలులో మొదటి నుంచీ ఉంది. 2019లో చేసిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చి ఆ పాత చట్టం స్థానాన్ని తీసుకుంది. ఈ నియమాన్ని మాత్రం అందులోనూ ఉంచారు.

“తగ్గకుండా” అన్న మాట దగ్గర ఒకసారి ఆగండి. అది లెక్కల గుర్తే. రేటు × పని ఎప్పుడూ కనీస వేతనానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. మన లెక్కలోని 400నే ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం అనుకుంటే, గుత్తకు ఒప్పుకున్న ఆడమనిషికి ముమ్మరంగా ఉన్న ఐదు రోజులూ 480 చొప్పున, పలచటి ఐదు రోజులూ 288 కాదు, 400 చొప్పున రావాలి. మొత్తం 4,400. గుత్తలో చట్టం చెప్పేది రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇమ్మని. ఆచారం ఇచ్చేది ఏది తక్కువైతే అది. ఈ రెంటికీ మధ్య పది రోజుల్లో 960 రూపాయలు తేడా. మన హక్కు ఆ తేడాలో ఉంది.

ఈ వాదన కోర్టు మెట్లు ఎక్కకుండా పోలేదు. రాజస్థాన్‌లో కరువు పనుల కింద ఒక రోడ్డు వేశారు. కూలీలను ముఠాలుగా విడగొట్టి, పదిహేను రోజులకోసారి పని కొలిచి, కొలతను బట్టి ముఠాకు డబ్బిచ్చారు. అప్పటి కనీస వేతనం రోజుకు 7 రూపాయలు. చాలామందికి అది కూడా అందలేదు. సంజిత్ రాయ్ సుప్రీం కోర్టుకు వెళ్లారు. 1983లో కోర్టు తీర్పు చెబుతూ, కరువు పనే అయినా సరే, కనీస వేతనానికి తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమ కిందికే వస్తుందని చెప్పింది. పని తక్కువ జరిగిందన్న సాకుతో ఆ హద్దు కిందికి దిగడానికి వీల్లేదన్నది దాని సారం.

ఆ తరవాత కూడా కొలతల బాధ మనల్ని వదల్లేదు. 2005 ఉపాధి హామీ చట్టం ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే కూలి అంది. అది చిన్న విషయం కాదు. 2025-26కి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకటించిన రేటు రోజుకు 307 రూపాయలు. అయితే చేతికొచ్చేది కొలత తరవాత తేలేది. గట్టి నేలలో గుంత తవ్వినవాళ్లకూ మెత్తటి నేలలో తవ్వినవాళ్లకూ ఒకే కొలత వేస్తే ఏమవుతుందో పనికి పోయినవాళ్లు ఎవరైనా చెబుతారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరొకటి తెచ్చింది. చట్టం పేరు మారినా మనం అడగాల్సిన ప్రశ్న అదే: ఒక మామూలు మనిషి రోజంతా చేసే పనికి ప్రకటించిన కూలి వచ్చేలా కొలత ఉందా, లేదా?

“మామూలు మనిషి” అంటే ఎవరన్నది ఇంకో ప్రశ్న. పాతికేళ్ల ఆరోగ్యవంతుడైన మగవాడా? యాభై ఐదేళ్ల ఆడమనిషా? ఆరో నెల గర్భిణా? నెలసరి నొప్పితో వచ్చినామా? 25 బాక్సుల దగ్గర గీత గీస్తే ఎవరు ఆ గీతకు పైన ఉంటారో, ఎవరు కింద పడతారో ముందే తెలిసిపోతుంది. గుత్త పద్ధతి ఆడదనో, ముసలిదనో పేరు పెట్టి ఎవరినీ తక్కువ చేయదు. కూలి మాత్రం ఆ వరసలోనే తగ్గిపోతుంది. 1976 సమాన వేతన చట్టం ఒకే పనికి ఒకే రేటు ఉండాలంది. రేటు ఒకటే అయినా గీత ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి అసమానత మళ్లీ లోపలికి వచ్చేస్తుంది.

పుంగనూరు: ఎవరి చేతులు?

మళ్లీ చింతపండు దగ్గరికి వద్దాం. పెంకు పగలగొట్టి, ఈనెలు లాగి, గింజ తీసి, పండును వేరు చేయడం ఎక్కువగా ఆడవాళ్ల పని. మండీలో దినకూలి 360, ఇంటికి తెచ్చుకుంటే కిలోకు 12 అనుకుందాం. 360ని 12తో భాగిస్తే 30. రోజుకు 30 కిలోలు దాటితే ఇంటి పని మేలన్నమాట.

ఒకామె ఇంటి దగ్గర రోజుకు 32 కిలోలు తీస్తోంది, 384 రూపాయలు వస్తున్నాయి. మండీకంటే 24 రూపాయలు ఎక్కువ. అయితే ఆ 32 కిలోలు ఎవరి చేతుల మీద నడిచాయో అడగండి. ఆమె తీసింది 22. బడి నుంచి వచ్చిన కూతురు 5, చూపు మందగించిన అత్త 5. ఆమె ఒక్కదాని పనికి వచ్చింది 264 రూపాయలే, మండీ కూలికి దాదాపు నూరు తక్కువ. మిగతా ఇద్దరి పనినీ కలిపి ఒకరి కూలి పక్కన పెట్టి “ఇదే మేలు” అనుకుంటున్నాం. పక్కన కూర్చుని పండు తీస్తున్న కొడుకును నేను చూసింది తక్కువ, కూతుళ్లను చూసింది ఎక్కువ. 1986 బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, బడి వేళల తరవాత ఇంటివాళ్ల పనిలో పిల్లలు సాయం చేయడాన్ని అనుమతించింది. సాయం ఎక్కడ ఆగుతుందో, పని ఎక్కడ మొదలవుతుందో తేల్చేవాళ్లు ఇంట్లో లేరు.

ఇంకా ఉన్నాయి. మండీలో చేస్తే చోటు, లైటు, గోనె సంచి యజమానివి. ఇంట్లో చేస్తే మనవి. మండీలో చేయి తెగితే కనీసం పదిమంది చూస్తారు. ఇంట్లో తెగితే పసుపు పెట్టుకుని కూర్చోవడమే. ఇంటి నుంచి చేసే పనికి కూడా మిగతా పనులతో సమానంగా హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు.

ఇంత చెప్పినా, ఇంటి పనే మాకు బాగుందనే ఆడవాళ్లున్నారు. వాళ్ల మాటను తీసిపారేయడానికి మనమెవరం? “మండీలో అయితే వాని మాట పడాల. ఇక్కడైతే పిల్లోడికి జ్వరమొస్తే లేచి పోవచ్చు” అంటారు. తోటలో గుత్తను కోరుకునేవాళ్లు చెప్పేదీ ఇదే: పొద్దున పిల్లల్ని బడికి పంపి ఆలస్యంగా వెళ్లొచ్చు, మధ్యాహ్నానికి లేవొచ్చు. ఇది తెలియనితనం కాదు. రోజంతా ఒకరి అదుపులో ఉండకపోవడానికి, కులం పేరు పెట్టి అనిపించుకోకపోవడానికి ఆమె కట్టుకున్న విలువ అది. మనం చేయాల్సింది ఒక్కటే, ఆ విలువ ఎంతో ఆమె ముందు పెట్టడం. ఈ లెక్కలో ఆ వెసులుబాటుకు ఆమె రోజుకు 96 రూపాయలు చెల్లిస్తోంది. అంత ఇచ్చి కొనుక్కోవడం ఆమె ఇష్టం. కానీ తెలిసి కొనుక్కోవడం వేరు, తెలియకుండా పోగొట్టుకోవడం వేరు. పిల్లోడి జ్వరానికి తండ్రి ఎందుకు లేచి పోడు అన్న ప్రశ్న ఎలాగూ మిగిలే ఉంది.

కుప్పం: ఇరవై నాలుగు గంటల హద్దు

కుప్పంలో లెక్క ఇంకోలా ఉంటుంది. జోలార్‌పేట నుంచి బెంగళూరుకు పోయే రైలు మార్గం మీద ఉన్న ఊరిది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరమైనా తెల్లవారుజామున రైలెక్కి బంగారుపేట మీదుగా వైట్‌ఫీల్డ్‌కో, కృష్ణరాజపురానికో పోయి, రాత్రికి తిరిగొచ్చేవాళ్లున్నారు. హౌస్‌కీపింగ్ పనికో, బట్టల ఫ్యాక్టరీకో వెళ్లాలని చూసే ఆడవాళ్లకు ఈ రైలే దారి.

ముందు డబ్బు లెక్క చూద్దాం. బెంగళూరులో రోజుకు 550, ఊళ్లో 400 అనుకుందాం. రైలు నెల పాసుకు 660, స్టేషన్ల దగ్గర ఆటోలకు రోజుకు 40. రోజుకు 150 ఎక్కువ వస్తుంది, అందులో 40 ఆటోకు పోతే 110 మిగులుతుంది. 110 × రోజులు > 660 కావాలంటే ఆరు రోజులు దాటాలి. నెలలో ఏడో రోజు నుంచి బెంగళూరే లాభం. ఊళ్లో అన్ని రోజులూ పని దొరకదు కాబట్టి తేడా ఇంకా పెద్దది. డబ్బు లెక్క ప్రకారం ఆలోచించాల్సిందే లేదు.

ఇక్కడ బస్సు మాట కూడా చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. పుంగనూరు నుంచి మదనపల్లెకు పనికి పోయే ఆమె లెక్కలో ఛార్జీ సున్నా అయింది. అది నిజమైన మేలు, ఎవరు కాదన్నా. కర్ణాటకలో శక్తి పథకం 2023 జూన్ 11 నుంచే ఉంది, కానీ అది ఆ రాష్ట్రం ఆడవాళ్లకు. మన ఉచితం మన సరిహద్దు దగ్గర ఆగుతుంది, వాళ్ల ఉచితం మనకు వర్తించదు. కుప్పం నుంచి బెంగళూరుకు పనికి పోయే ఆమె రెండు పథకాల మధ్య నిలబడి పూర్తి ఛార్జీ కడుతుంది.

అయినా కుప్పం ఆడవాళ్లందరూ ఎందుకు రైలెక్కరు? జవాబు రెండో అసమీకరణంలో ఉంది. పని గంటలు, ప్రయాణం, ఇంటిచాకిరీ, నిద్ర, అన్నీ కలిపి 24 గంటలు దాటకూడదు. ఈ హద్దును ఎవరూ జరపలేరు.

పని తొమ్మిది గంటలు, ఇంటి గడప నుంచి ఇంటి గడప దాకా రానుపోను ఆరు గంటలు అనుకుందాం. పదిహేను పోయాయి, తొమ్మిది మిగిలాయి. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో కూలి లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు, మగవాళ్లు 88 నిమిషాలు. 289 నిమిషాలంటే 4 గంటల 49 నిమిషాలు. తొమ్మిదిలోంచి అది తీసేస్తే 4 గంటల 11 నిమిషాలు మిగులుతాయి. నిద్రా, స్నానమూ, తిండీ అందులోనే. అదే ఉద్యోగానికి మగవాడు పోతే 88 నిమిషాలు తీసేశాక 7 గంటల 32 నిమిషాలు మిగులుతాయి. ఉద్యోగం ఒకటే, రైలు ఒకటే, జీతం ఒకటే. అతని విషయంలో లెక్క సరిపోయింది, ఆమె విషయంలో సరిపోలేదు. ఇది సగటు లెక్క. ఇంట్లో ఇంకో ఆడమనిషి ఉంటే కొంత తగ్గుతుంది, చంటిబిడ్డ ఉంటే పెరుగుతుంది. కానీ తగ్గినప్పుడల్లా ఆ బరువు ఇంకో ఆడమనిషి మీదికే పోతుంది.

“ఆడవాళ్లకు బెంగళూరు పనులంటే ఆసక్తి లేదు” అనే మాట నేను చాలాచోట్ల విన్నాను. ఆసక్తి లేక కాదు, నాలుగు గంటల నిద్రతో బతకలేక. 289ని 88 దగ్గరికి, 88ని 289 దగ్గరికి కొంచెం కొంచెంగా జరపండి, ఎంతమంది రైలెక్కుతారో చూడండి.

లెక్కలో రాయనిది

ఇంటిచాకిరీని లెక్కలోంచి తీసేయడం పల్లెటూరి మేస్త్రీ ఒక్కడే చేసే పని కాదు. పెద్ద ఆర్థికవేత్తలూ చేశారు. 1945లో అమెరికాలో జార్జ్ స్టిగ్లర్ ఒక లెక్క వేశాడు. ఒక మగవాడికి ఏడాదికి కావలసిన తొమ్మిది రకాల పోషకాలు తగ్గకుండా అందాలి, ఖర్చు మాత్రం వీలైనంత తక్కువ కావాలి. 77 రకాల తిండి వస్తువుల ధరలు తీసుకుని, 1939 ధరల్లో ఏడాదికి 39 డాలర్ల 93 సెంట్లు చాలని తేల్చాడు. గోధుమపిండి, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు, డబ్బా పాలు. అసమీకరణాలతో నిత్యజీవిత సమస్యను పరిష్కరించడానికి ఉదాహరణగా ఈ లెక్కను ఈనాటికీ తరగతుల్లో చెబుతారు.

అందులో వస్తువుల ధర ఉంది. ఆ ఎండు గింజలను నానబెట్టి ఉడికించేదెవరు, పిండిని రొట్టె చేసేదెవరు, అందుకు ఎన్ని గంటలు పడుతుంది అన్నది లేదు. చౌక తిండి తరచుగా ఎక్కువ చాకిరీ తిండి కూడా. ధర తగ్గిన చోట గంటలు పెరుగుతాయి. ఆ గంటలకు సున్నా వేస్తే తప్ప 39 డాలర్లు రావు. లెక్క తప్పు కాదు. అందులో ఏది రాయాలో, ఏది వదిలేయాలో నిర్ణయించిన చూపు తప్పు.

లెక్క మనది కాకుండా ఎలా పోయింది?

“నాకు లెక్కలు రావు” అని ఆడవాళ్లు ఎంత సులువుగా అంటారో గమనించండి. నెల సరుకులు, చీటీ పాట, పొదుపు సంఘం వడ్డీ, పెళ్లి ఖర్చు, అన్నీ నోటితో వేసే మనిషే ఆ మాట అంటుంది. ఆమెకు రాదని ఎవరో చెప్పారు, ఆమె నమ్మింది. ఆడపిల్లలకు గృహవిజ్ఞానం, మగపిల్లలకు లెక్కలు అన్న ఆలోచన మన బడుల్లో చాలాకాలం నడిచింది. 1962లో హంసా మెహతా అధ్యక్షతన పనిచేసిన కమిటీ ఆడామగా తేడాతో పాఠ్యాంశాలను వేరు చేయకూడదని చెప్పింది. 1964-66 కొఠారి కమిషన్ ఆ మాటను సమర్థించి, బడి చదువు మొదటి పదేళ్లూ గణితం అందరికీ తప్పనిసరి కావాలంది. కాగితం మీద ఆ తేడా పోయింది. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలని ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి వెళ్లినప్పుడు వాళ్ల వెనక అక్షరాస్యతా తరగతులున్నాయి. 1992లో ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమాన్ని చదువు గెలుపుగా చెప్పుకుంటాం. అది లెక్క గెలుపు కూడా. కూలిలో సారాకు పోయేదెంత, సంగటికి మిగిలేదెంత అన్న లెక్క నలుగురిలో బయటికి వచ్చాకే ఇంటి బాధ ఊరి సమస్య అయింది.

సంఘాలు చేయగల పని

ఇదంతా రాసి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. ప్రతి సీజను మొదట్లో పొదుపు సంఘాలూ మహిళా సంఘాలూ ఈ కొద్దిపాటి పని చేయవచ్చు.

గుత్త రేటు చెప్పగానే దినకూలిని ఆ రేటుతో భాగించండి. వచ్చిన సంఖ్యను సంఘం బోర్డు మీద పెద్దగా రాయండి. రెండు మూడు రోజులు ఎనిమిది గంటల పనిని మనమే లెక్కపెట్టుకుందాం. చురుకైన ఒక్కరి పని కాదు, పడుచువాళ్లూ పెద్దవాళ్లూ కలిసిన పదిమంది పని. అందులో నిదానంగా చేసే పెద్దామె ఎంత చేసిందో విడిగా రాసుకోవాలి. ఆమె కూడా బోర్డు మీది సంఖ్యను చేరగలిగితే రేటు న్యాయమైనది. చేరలేకపోతే రేటు పెంచమనాలి. సీజను మధ్యలో పద్ధతి మార్చేట్టయితే మనతో మాట్లాడాకే మార్చాలని ముందే ఒప్పందం చేసుకోవాలి. గుత్తకు చేసిన రోజు వచ్చింది కనీస వేతనానికి తక్కువైతే, ఆ రోజు, ఆ బాక్సులు, ఆ డబ్బు నోటు పుస్తకంలో ఉండాలి. కార్మిక శాఖకు రాసే అర్జీకి అంతకంటే గట్టి ఆధారం మన దగ్గర ఉండదు.

ఈ లెక్క వేసే పని పదో తరగతి చదువుతున్న మన ఆడపిల్లలకే అప్పగిద్దాం. బడిలో నేర్చిన గుర్తు అమ్మ కూలి దగ్గర పనికొస్తుందని తెలిసిన పిల్ల లెక్కలంటే భయపడదు. ఇంటి గంటలకు కూడా ఒక వరస గీసి, ఎవరు ఎన్ని నిమిషాలు చేశారో వారం పాటు ఆ పిల్లల చేతనే రాయిద్దాం. సున్నా వేసిన చోట అసలు అంకె పడితే ఇంట్లో మాట మారక తప్పదు.

ఈసారి పుంగనూరు పోయినప్పుడు ఆమెకు నేను వేరే జవాబు చెప్పాలి. మండీనా, ఇల్లా అన్నది రెండో ప్రశ్న. ఏ కాయ ఇస్తారు, కిలోకు ఎంతిస్తారు, ఎన్ని కిలోలకు దినకూలి గిట్టుతుంది, ఈ మూడూ తేల్చేటప్పుడు నువ్వు అక్కడ ఉన్నావా అన్నది మొదటి ప్రశ్న. అక్కడ మనం లేనంతవరకు ఏ దారిలో పోయినా మన చేతిలో పడేది తక్కువదే.